చెప్పనిది చెయ్యనట్టే

ఆ ఉదయం ఆమె చెయ్యవలసిన పనులు ఇవి. పాలు కాచాలి. అత్తగారికి బీపీ మాత్ర ఇచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడాలి. పిల్లకు జడ వెయ్యాలి; బాగాలేదని పిల్ల విప్పేసుకుంటే మళ్లీ వెయ్యాలి. తెల్లకోటు ఇస్త్రీ చెయ్యాలి. వ్యాను తాళాలు ఫ్రిజ్ మీద ఉన్నాయని, భర్త ఇల్లంతా తిరగేయకముందే చెప్పాలి. ఆలస్యం కాకుండా ఆసుపత్రికి చేరాలి. దేవుడు ఏ రోగిని పంపితే ఆ రోగిని, ఎవరినీ అడక్కుండా, తనంతట తానే పరీక్షించి, తనంతట తానే నిర్ణయించి బతికించాలి. అది పరీక్ష కాబట్టి పాసవ్వాలి. వచ్చేటప్పుడు బట్టల సబ్బు తేవాలి.

ఈ పనులన్నిటినీ ఆమె పైకి చెబుతూ చేసింది.

"పాలు పొయ్యి మీద పెడుతున్నాను," అంది వంటింటి గోడతో. "మంట తగ్గిస్తున్నాను. ఇప్పుడు అత్తయ్యగారి మాత్ర తీస్తున్నాను. పేరు సరిచూస్తున్నాను. గడువు తేదీ సరిచూస్తున్నాను."

"ఎవరైనా వచ్చారా ఇంటికి?" అని అరిచాడు భర్త స్నానాల గదిలోంచి. ఆయన బడిపిల్లల వ్యాను నడుపుతాడు. పొద్దుటిపూట ఎవరితోనైనా అరిచే మాట్లాడతాడు.

"ఎవరూ రాలేదు. అలవాటు చేసుకుంటున్నాను."

"ఆ అలవాటేదో వంటింటి వరకే ఉంచు తల్లీ! మొన్న నిద్రలో 'నాడి చూస్తున్నాను' అని నా చెయ్యి పట్టుకున్నావు. ఏదో ముచ్చటపడ్డావనుకున్నా. 'నాడి అందడం లేదు' అని వదిలేశావు. తెల్లారేదాకా నాకు నిద్ర లేదు."

అత్తగారికి మాత్రం ఈ వరస ఎంతో నచ్చింది. కోడలు కాపురానికి వచ్చిన నాటినుంచి ఆవిడది ఒకటే ఫిర్యాదు: పిల్ల మంచిదే, నోట్లో నాలుకే లేదు. ఇప్పుడు ఆ పిల్ల గిన్నె తోమినా చెప్పి తోముతోంది. "ఎన్నాళ్లకు మా ఇంట్లో రేడియో మోగిందమ్మా," అని మురిసిపోతూ ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్లింది. గిన్నెలో వేలు ముంచింది.

"అమ్మాయ్, అన్నీ చెప్పావు, బాగానే ఉంది. పొయ్యి వెలిగించావా?"

వెలిగించలేదు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, "పొయ్యి వెలిగిస్తున్నాను," అంటూ వెలిగించింది.

ఆమె ఇలా కావడానికి కారణం ఉంది. ఆమె పనిచేసే ఆసుపత్రిలో ఎమర్జెన్సీకి వచ్చే జనం ఎక్కువ, డాక్టర్లు తక్కువ. పెద్దలు కూర్చుని ఆలోచించి, అనుభవమున్న నర్సులకు అత్యవసర వైద్యంలో పైశిక్షణ ఇచ్చి, డాక్టరుకూ నర్సుకూ మధ్య ఒక మెట్టు కట్టారు. ఆ మెట్టు ఎక్కినవాళ్లు రోగిని తామే పరీక్షించవచ్చు, జబ్బేమిటో తామే తేల్చవచ్చు, మందు తామే రాయవచ్చు. వాళ్లను ప్రాక్టీషనర్ అంటారు. మెట్టన్నాక ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ దాన్నే తొక్కుతారని తర్వాత తెలిసింది గాని, అది వేరే కథ.

శిక్షణలో చేరినవాళ్లందరిలోకీ ఆమే వయసులో పెద్ద. అందుకని కుర్రకారు ఆమెను పెద్ద సిస్టర్ అనేవాళ్లు. మనమూ అలాగే అందాం.

పెద్ద సిస్టర్ తండ్రి తాపీమేస్త్రి. వాళ్ల వంశంలో డిగ్రీ అనే వస్తువు గడప లోపలికి రావడం ఆమెతోనే మొదలు. చెల్లెలు అప్పుడే వీధంతా చాటింపు వేసేసింది, మా అక్క డాక్టరవుతోందని. "డాక్టరు కాదే, అంతకంటే కొంచెం తక్కువ," అని పెద్ద సిస్టర్ సరిదిద్దబోతే, "ఆ కొంచెం నేను చెప్పను, నువ్వూ చెప్పకు," అంది చెల్లెలు.

ఇక నోరు సంగతి. మేస్త్రి ఇంట్లో ఒక మాట ఉండేది: పనిచేసేవాడు మాట్లాడడు, మాట్లాడేవాడు పనిచెయ్యడు. ఇటుక పెడుతున్నానని ఇటుకతో ఎవరూ చెప్పరు కదా. గోడ నిలబడితే పెట్టినట్టు, పడిపోతే పెట్టనట్టు. ఆ ఇంట్లో పెరిగి, ఆ తర్వాత ఏళ్ల తరబడి వార్డుల్లో పనిచేసి, పెద్ద సిస్టర్ చేతులతో బతికిన మనిషి. రోగి ముఖం చూస్తుండగానే చెయ్యి డ్రిప్పు సరిచేసేది.

శిక్షణ జరిగేది ఒక పెద్ద గదిలో. మధ్యలో మంచం, మంచం మీద ఒక రబ్బరు బొమ్మ. బొమ్మకు ఊపిరుంటుంది, నాడి ఉంటుంది, కళ్లు మూసి తెరుస్తుంది, "అమ్మా, నొప్పి" అని మూలుగుతుంది. కుర్రకారు దానికి అల్లుడుగారు అని పేరు పెట్టారు. ఎందుకంటే ఎప్పుడు చూసినా మంచం మీదే ఉంటాడు, చుట్టూ నలుగురు నిలబడి సేవ చెయ్యాలి, ఎంత చేసినా ఏదో ఒక లోటు చెబుతాడు, ఏ క్షణాన ఎందుకు అలుగుతాడో ఎవరికీ తెలియదు.

అల్లుడుగారిని ఆడించేది అద్దం వెనక కూర్చునే పెద్ద డాక్టరుగారు. మంచివాడు, అలిసిపోయినవాడు. చేతిలో అట్ట, అట్ట మీద మార్కుల కాగితం, నొక్కితే టిక్కుమనే పెన్ను. అందుకని ఆయన టిక్కు సార్. విద్యార్థి ఒక్కో పనీ పైకి చెబుతుంటే ఆయన ఒక్కో గడిలో టిక్కు పెట్టేవాడు.

మొదటిసారి పరీక్ష పెట్టినప్పుడు అల్లుడుగారికి ఆయాసం వచ్చింది. పెద్ద సిస్టర్ ఎంత చక్కగా చేసిందంటే, చూస్తున్న కుర్రవాళ్లు తమ పరీక్ష సంగతి మరిచిపోయారు. తల ఎత్తింది, ఆక్సిజన్ పెట్టింది, ఛాతీ విన్నది, సూది వేసింది. అల్లుడుగారు లేచి కూర్చోవడం ఒక్కటే తక్కువ. ఫలితం చూస్తే ఫెయిలు.

"ఆక్సిజన్ పెట్టలేదేమ్మా?" అన్నాడు టిక్కు సార్.

"పెట్టాను సార్. ఇంకా ఆయన ముఖం మీదే ఉంది చూడండి."

"కనబడుతోంది. వినబడలేదు."

పెద్ద సిస్టర్ అల్లుడుగారి ముఖం మీది మాస్కు వైపు మళ్లీ చూసింది.

"చెప్పనిది చెయ్యనట్టే," అన్నాడు ఆయన మెత్తగానే. "కక్షతో అనడం లేదమ్మా. రేపు నిజం గదిలో పది చేతులు ఒకే మనిషి మీద పనిచేస్తాయి. ఎవరేం చేస్తున్నారో పైకి చెప్పకపోతే ఒకే మందు రెండుసార్లు పడుతుంది. అలా పడి చచ్చిపోయినవాళ్లను నేను చూశాను. ఇప్పటిదాకా నువ్వు చెప్పించుకునేదానివి. ఇకనుంచి చెప్పాలి."

ఆయన అన్నది అక్షరాలా నిజం. అబద్ధమైతే ఆమె పోట్లాడేది. నిజం కాబట్టి తల వంచుకుని ఇంటికొచ్చింది. నియమం ప్రకారం ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే మళ్లీ వార్డుకు, మళ్లీ పాత చోటుకు. వీధిలో డాక్టరమ్మ అన్న నోళ్లే, పాపం డాక్టరు కాబోయింది అంటాయి. తండ్రి ఏమీ అనడు. ఆయన అనకపోవడమే ఆమెకు ఎక్కువ భయం.

ఆనాటినుంచి పెద్ద సిస్టర్ నోరు సాధన మొదలుపెట్టింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆమెకు ఊరితో పనిలేదు, ఒక్క టిక్కు సార్ చాలు. అల్లుడుగారి పక్కన నిలబడి గడగడా చెప్పడం నేర్చుకుంది. "చేతులు కడుక్కుంటున్నాను." అక్కడ కుళాయి లేదు. "రక్తం తీస్తున్నాను." అల్లుడుగారికి రక్తం లేదు. "షుగర్ టెస్ట్ చేస్తున్నాను." రబ్బరు వేలికి చిల్లులు పడతాయని అక్కడ మాత్రం సూది తాకనిచ్చేవారే కాదు. ఆమె ఆ మాట అనగానే అద్దం వెనకనుంచి సార్ గొంతు "షుగర్ మామూలుగా ఉంది" అని జవాబిచ్చేది, పెన్ను టిక్కుమనేది, ఆమె తర్వాతి పనికి పోయేది.

అప్పుడప్పుడూ అల్లుడుగారి తాలూకు బంధువు కూడా వచ్చేవాడు. అంటే స్పీకర్లోంచి సారే గొంతు మార్చి, "మావాడికి ఏమైంది? మీకేం తెలుసు? పెద్ద డాక్టర్ని పిలవండి!" అని కేకలు వేసేవాడు. అది విద్యార్థి బుర్ర చెదరగొట్టడానికి పన్నిన వల. దానికి విరుగుడు మంత్రం కూడా నేర్పారు: "మీ ఆందోళన నాకు అర్థమైంది. మీరు బయట కూర్చుంటే మీ మనిషికి మేం బాగా సాయం చెయ్యగలం." ఈ ముక్క గొంతు పెంచకుండా చెబితే రెండు టిక్కులు.

చెప్పనిది చెయ్యనట్టే అన్నది సార్ మాట. చెప్పింది చేసినట్టే అని ఎవరూ అనలేదు. కాని ఆ రెండో మాట మొదటి మాట పక్కన ఎప్పుడొచ్చి కూర్చుందో ఎవరూ గమనించలేదు.

పొయ్యి వెలిగించడం మరిచిన ఆ ఉదయమే రెండో పరీక్ష. అది బొమ్మతో కాదు, నిజం ఎమర్జెన్సీలో, నిజం రోగితో. తెర పక్కన టిక్కు సార్ అట్ట పట్టుకుని నిలబడ్డాడు. సాయానికి ఒక కొత్త నర్సు. ఆ అమ్మాయి కూడా అల్లుడుగారి దగ్గర చదువుకున్నదే. ఆమెకు నేర్పిన పాఠం ఇది: పైవాళ్లు "చేస్తున్నాను" అంటే వాళ్లే చేస్తున్నారని అర్థం, అడ్డుపడకు; "చెయ్యి" అంటే నువ్వు చెయ్యాలి.

స్ట్రెచర్ మీద వచ్చినవాడు ఇళ్లకు రంగులు వేసే పనివాడు. చొక్కా మీద, చెవుల మీద, పది వేళ్ల మీదా నీలం రంగు. కళ్లు తెరిచే ఉన్నాడు గాని ఎవరినీ చూడడం లేదు. అతని వెంట అతని అక్క వచ్చింది. బస్సు కండక్టరు. డ్యూటీ మధ్యలోంచి వచ్చినట్టుంది, యూనిఫాం మీదే ఉంది, భుజాన తోలుసంచి.

పెద్ద సిస్టర్ తానెవరో చెప్పుకుంది. టిక్కు. ఏం జరిగిందని అడిగింది. టిక్కు.

"నిచ్చెన దిగాడంట మేడం, దిగి బ్రష్షు నేల మీద పారేశాడంట," అంది కండక్టరమ్మ ఒక్క గుక్కలో. "వీడు బ్రష్షు పారేసే రకం కాదండి. పళ్లు తోముకునే బ్రష్షు కూడా కడిగి ఆరబెడతాడు. మేస్త్రి ఫోన్ చేస్తే పరుగెత్తుకెళ్లా. మాట ముద్దముద్దగా వస్తోంది. తాగాడేమోనని చెంప మీద ఒకటిచ్చా. ఇప్పుడు చూస్తే ఆ పక్కే మూతి వంకరగా ఉంది. నేను కొట్టినందుకు కాదు కదా మేడం?"

"కాదమ్మా. బీపీ, షుగర్ ఏమైనా ఉన్నాయా?"

"షుగరుంది. మాత్ర మటుకు ఠంచనుగా వేసుకుంటాడు. తిండి గుర్తొస్తే తింటాడు."

"షుగర్ వ్యాధి ఉంది, గమనించాను," అని పైకి చెప్పింది పెద్ద సిస్టర్. టిక్కు. టార్చి తీసుకుంది. "కంటిపాప చూస్తున్నాను. కుడి చెయ్యి ఎత్తి వదులుతున్నాను. చెయ్యి నిలవడం లేదు. మూతి ఒక పక్కకు లాగుతోంది. మాట తడబడుతోంది. పక్షవాతం లక్షణాలుగా అనుమానిస్తున్నాను. షుగర్ టెస్ట్ చేస్తున్నాను."

సార్ పెన్ను టిక్కుమంది.

అలవాటు చూడండి. అద్దం వెనక గొంతు ఉండవలసిన చోట ఆ టిక్కు వినబడింది, అది చాలింది. ఆమె చేతుల్లో ఒకదానిలో టార్చి, ఒకదానిలో అతని కనురెప్ప. షుగర్ మిషన్ ట్రేలో ఉంది. కొత్త నర్సు, మేడం చేస్తున్నారు కదా అని బీపీ పట్టీ సర్దుతోంది. మేడం, సార్ టిక్కు పెట్టారు కదా అని తర్వాతి గడికి పోయింది. సార్, ఆమె చెప్పింది కదా అని టిక్కు పెట్టాడు. తిలాపాపం తలా పిడికెడు.

"స్కానింగు గదికి ఫోన్ చెయ్యి. రక్తంలో గడ్డ కరిగించే మందు సిద్ధంగా ఉంచమను," అంది పెద్ద సిస్టర్. గొంతు ఎంత నిబ్బరంగా ఉందంటే, ఆమెకే ముచ్చటేసింది. కొత్త నర్సు ఫోన్ దగ్గరికి పరుగెత్తింది.

"మేడం," అంది కండక్టరమ్మ. "షుగర్ టెస్ట్ అన్నారు. ఎవరూ వేలు గుచ్చలేదే?"

"చెప్పాను కదమ్మా."

"చెప్పారు. నేనూ అదే అంటున్నా. చెప్పారు, గుచ్చలేదు."

ఈ గొంతు పెద్ద సిస్టరుకు బాగా తెలుసు. స్పీకర్లోంచి నెలల తరబడి విన్న గొంతు: చివరి గండం, అల్లుడుగారి బంధువు. సార్ కూడా అట్ట మీంచి తల ఎత్తి ఆసక్తిగా చూశాడు. ఇక్కడ తడబడితే ఇంతసేపటి శ్రమా బూడిదలో పోసిన పన్నీరే.

"మీ ఆందోళన నాకు అర్థమైంది," అంది ఆమె, గొంతు పెంచకుండా. "మీరు బయట కూర్చుంటే మీ మనిషికి మేం బాగా సాయం చెయ్యగలం."

టిక్కు, టిక్కు.

"నా ఆందోళన అర్థం కావడం ఎందుకు మేడం, నా మాట అర్థం చేసుకోండి!"

గార్డు వచ్చాడు. "రండమ్మా, రండి, అందరూ ఇలాగే అంటారు," అంటూ ఆమెను తెర అవతలికి తీసుకెళ్లాడు. వెళ్లింది మనిషే. గొంతు అక్కడే ఉంది. రోజంతా ఇంజను మోత మీద అరిచి అరిచి రాటుదేలిన గొంతు, గుడ్డతెర దానికొక లెక్కా?

"మాటలు కోటలు దాటుతున్నాయి గాని సూది ట్రే దాటట్లేదు! బస్సులో నేనూ పొద్దస్తమానం టికెట్, టికెట్ అని అరుస్తా! అరిస్తే టికెట్ తెగదండీ! చింపి చేతిలో పెడితేనే తెగినట్టు! వినపడుతోందా?"

వినపడింది.

పెద్ద సిస్టర్ తన చేతుల వైపు చూసుకుంది. టార్చి. తర్వాత రోగి చేతుల వైపు చూసింది. పది వేళ్లూ నీలంగా, నున్నగా, రంగు డబ్బాలోంచి అప్పుడే తీసినట్టున్నాయి. గుచ్చేముందు దూదితో తుడవాలి. తుడిస్తే రంగు చెరగాలి. ఏ వేలి మీదా చెరగలేదు.

షుగర్ పడిపోయిన మనిషి అచ్చం పక్షవాతం వచ్చినవాడిలా ఉంటాడని ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వార్డులో కొత్తగా చేరినవాళ్లకు ఆమే నేర్పేది. ఆ సంగతి అలాగే వదిలేస్తే మెదడు మిగలదని కూడా ఆమే చెప్పేది. ఎంతసేపు వదిలేసింది? ఏమో. మాట్లాడేటప్పుడు కాలం తెలియదు.

నెలల తర్వాత మొదటిసారిగా ఆమె నోరు మూసుకుంది. టార్చి పక్కన పడేసింది. దూది తీసింది, వేలు తుడిచింది, గుచ్చింది. నీలం మధ్యలోంచి ఎర్రటి చుక్క వచ్చింది. మిషన్ మీద అంకె చూసింది. ఉండవలసిన దాంట్లో సగం కూడా లేదు. చేతికి సూది పెట్టి, గ్లూకోజ్ ఎక్కించింది. కొత్త నర్సు వైపు తల అడ్డంగా ఊపింది. ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది. సార్ పెన్ను టిక్కుమనలేదు.

కాసేపటికి కుడి చేతి వేళ్లు కదిలాయి. మూతి చోటుకొచ్చింది. రంగులతను తన మీద వంగిన ముగ్గురినీ చూసి, పైకప్పు చూసి, "ఇక్కడ లప్పం కూడా పెట్టకుండా రంగేశారెవరండీ?" అన్నాడు.

బయట బెంచీ మీద కండక్టరమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెద్ద సిస్టర్ కనబడగానే లేచి నిలబడింది.

"మీ తమ్ముడు మాట్లాడుతున్నాడమ్మా. షుగర్ పడిపోయింది, అంతే. మూతీ చెయ్యీ బాగున్నాయి."

కండక్టరమ్మ సంచితోనే కళ్లు తుడుచుకుంది. తర్వాత పెద్ద సిస్టర్ రెండు చేతులూ పట్టుకుంది. "నన్ను క్షమించండి మేడం. నా నోరు పెద్దది, బస్సులో అలవాటైపోయింది. మీ పెద్దసారు ముందు మిమ్మల్ని అల్లరి పెట్టా. మీ ఉద్యోగానికేం ఇబ్బంది లేదు కదా?"

"మీరు నన్ను క్షమించమనడం ఏమిటమ్మా! మీరన్నదే నిజం. నేను టెస్ట్ చెయ్యలేదు. మీరు అరవకపోతే నేను చేసేదాన్నే కాదు."

"అయ్యో, ఎంత మంచివారండీ మీరు! తప్పు నాదైనా నన్ను పొగుడుతున్నారు."

"పొగడ్త కాదమ్మా, నిజంగా..."

"మా మేడం అంతేనమ్మా," అన్నాడు గార్డు గర్వంగా. "ఎవర్నీ ఒక మాట అనరు. ఇకముందైనా ఆసుపత్రిలో అరవకు."

"అరవనండి," అంది కండక్టరమ్మ బుద్ధిగా. తమ్ముణ్ణి ఒకసారి చూసి, "అక్క చేత చెంపదెబ్బ తినడానికి ఇంత నాటకం అక్కర్లేదురా, అన్నం మానేస్తే నేనే కొడతా," అని తిట్టి, మరదలిని పిలిపించి కాపలా పెట్టి, మిగిలిన డ్యూటీకి వెళ్లిపోయింది.

ఆ క్షమాపణ పెద్ద సిస్టరుకు పుండు మీద కారం చల్లినట్టయింది. రోగిని బతికించిన ఘనత ఎవరికి చెందాలో వాళ్లు పుచ్చుకోరు. ఇక అది ఎక్కడైనా రాసి ఉండాలంటే, రాసే మనిషి దగ్గరికే వెళ్లాలి.

టిక్కు సార్ చిరునవ్వుతో ఎదురొచ్చాడు. "చాలా బాగుందమ్మా! పక్షవాతమని అనుమానిస్తూనే షుగర్ టెస్ట్ మొదట్లోనే చేశావు. అక్కడే సగంమంది పడిపోతారు. బంధువుతో నెగ్గుకొచ్చిన తీరు మరీ బాగుంది. ఒక్కటే లోపం. చివర్లో వేలు గుచ్చి, గ్లూకోజ్ ఎక్కించేటప్పుడు పైకి చెప్పలేదు. అక్కడ మార్కు పోయింది. ఫరవాలేదు, పాసయ్యావు."

చెయ్యని పనికి మార్కు వచ్చింది, చేసిన పనికి పోయింది. పెద్ద సిస్టరుకు ఒక్క క్షణం చెల్లెలు కళ్ల ముందు మెదిలింది, వీధి మెదిలింది, తండ్రి మెదిలాడు. ఊరుకుంటే సరిపోతుంది. ఊరుకోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య.

"సార్, మొదట్లో నేను షుగర్ టెస్ట్ చెయ్యలేదు."

"విన్నానమ్మా."

"విన్నారు సార్. నేను చెయ్యలేదు."

ఆయన కళ్లజోడు తీశాడు. తన పెన్ను వైపు చూసుకున్నాడు. ఆయన మంచివాడని ముందే చెప్పాను. అందుకే ఆ ముఖం వాడిపోయింది. "నేను తల ఎత్తి చూడవలసింది," అన్నాడు. "ఆ టిక్కు తీసేస్తే నువ్వు ఫెయిలు. తెలుసా?"

"తెలుసు సార్."

"తీసెయ్యాలంటే, ముందు నేనెందుకు పెట్టానో పైవాళ్లకు చెప్పుకోవాలి."

"నేనూ వస్తాను సార్."

ఇద్దరూ వెళ్లి పరీక్షల సంఘం ముందు నిలబడ్డారు. సంఘంవారు శ్రద్ధగా విన్నారు, ఇద్దర్నీ బయట కూర్చోబెట్టి తర్జనభర్జన పడ్డారు, చివరికి పిలిచి తీర్పు చెప్పారు. పరిశీలకుడు గదిలో ఉండి పెట్టిన టిక్కును గదిలో లేనివాళ్లు తీసెయ్యడం పద్ధతి కాదు. రోగి బతికాడు. పైగా, తన పొరపాటును తానే ఒప్పుకోవడం ఆత్మపరిశీలన కిందికి వస్తుంది. దానికి వేరే మార్కులున్నాయి, ఇంతవరకు ఎవరికీ పూర్తిగా వేసే అవకాశం రాలేదు. అవి కలిపితే పెద్ద సిస్టర్ జట్టులోకల్లా మొదటి స్థానం.

"నాకు మళ్లీ పరీక్ష పెట్టండి," అంది ఆమె.

"పాసైనవాళ్లకు పరీక్ష పెట్టే నియమం లేదమ్మా."

"పోనీ, ఆ బంధువు చెప్పబట్టే రోగి బతికాడని ఎక్కడైనా రాయండి."

వాళ్లు కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు, పాపం నిజంగానే వెతికారు. "బంధువుల గురించి ఉన్నది ఒక్క గడేనమ్మా. అందులో నీకు పూర్తి మార్కులు వచ్చేశాయి."

వీధిలో చెల్లెలు మిఠాయి పంచింది. అత్తగారు వచ్చినవాళ్లందరికీ, "అంతా ఆ నోరు విప్పడంలోనే ఉందమ్మా," అని వివరించింది. తండ్రికి మాత్రం పెద్ద సిస్టర్ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన విని, "గోడ నిలబడిందిగా," అన్నాడు. ఆగి, "నీ గోడ కాదనుకో," అన్నాడు. ఆ రోజు ఆమె విన్న మాటల్లో కాస్త ఊరటనిచ్చింది అదొక్కటే.

ఇప్పుడామె ప్రాక్టీషనర్. పైకి చెబుతూనే చేస్తుంది, చెప్పడం తప్పేమీ కాదు. "చేస్తున్నాను" అన్న తర్వాత ఒకసారి కళ్లు చేతుల మీదికి వెళతాయి, అంతే. టిక్కు సార్ పెన్ను మార్చలేదు గాని, పెట్టేముందు మెడ చాపి చూస్తున్నాడు, మెడనొప్పి వచ్చిందట.

ఆనాటి కేసు ఇప్పుడు కొత్త జట్టులకు పాఠం. తెర మీద వేసి చూపిస్తారు: అనుమానం, షుగర్ టెస్ట్, గ్లూకోజ్, ఆఖర్న 'కష్టమైన బంధువును శాంతంగా బయటికి పంపుట'. ఆ వరస రాగానే వెనక బెంచీలోంచి పెద్ద సిస్టర్ లేస్తుంది. సార్ ఆపడు, చెప్పమని తలాడిస్తాడు. ఆమె మొత్తం చెబుతుంది, టికెట్ మాటతో సహా. పిల్లలు నవ్వుతారు, కదిలిపోతారు కూడా. చివర్న ఎవరో ఒకరు చెయ్యెత్తి అడుగుతారు:

"మేడం, ఇది పరీక్షలో వస్తుందా?"

"రాదు."

పెన్నులు కిందికి దిగుతాయి.

పరీక్ష లేనివాళ్లు మీరే మిగిలారు, అందుకే మీకు చెప్పడం. ఆ కండక్టరమ్మకు ఇప్పటికీ తను ఆసుపత్రిలో అనవసరంగా అరిచానన్న సిగ్గే ఉంది. ఆసుపత్రి కాగితాల్లో ఆమె శాంతంగా బయటికి పంపబడిన ఒక ఇబ్బంది. పొట్టి మనిషి, భుజాన తోలుసంచి, ఇంజను మోతను మించిన గొంతు. దయచేసి ఆమెను గుర్తుపెట్టుకోండి.